ఆర్నెల్ల కొలువు

1992 జులైలో లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఒక టీవీ స్టూడియో ముందు వెయ్యి మందికి పైగా వికలాంగులు పోగయ్యారు. లోపల ఐటీవీ వారి ‘టెలిథాన్’ నడుస్తోంది. గంటల తరబడి పాటలు, ఆటలు, మధ్యమధ్యలో కళ్లు చెమర్చే కథలు. చూసేవాళ్లు కరిగిపోయి ఫోన్ చేసి చందాలు రాయించాలి. ఆ చందాలు ఎవరి పేరిట పోగవుతున్నాయో వాళ్లే బయట నిలబడి వద్దు మొర్రో అంటున్నారు. ‘జాలి మీద ఉచ్చ పొయ్యి’ అన్నది వాళ్ల చొక్కాల మీది నినాదం. మర్యాదస్తులు మొహం చిట్లించుకున్నారు. కానీ అంతకంటే మర్యాదగా చెప్తే ఎవరూ విననందుకే ఆ మాట పుట్టింది. ఆ ఏడాదితో టెలిథాన్ ఆగిపోయింది.

వాళ్ల పేచీ డబ్బుతో కాదు. మా కన్నీళ్లు తెర మీద అంత బాగా పండుతాయే, మరి ఆ తెర వెనక రాసేవాళ్లలో, కెమెరా పట్టేవాళ్లలో, జీతాలందుకునేవాళ్లలో మేమెందుకు లేము అని. అప్పటి నుంచి ఇప్పటి దాకా బ్రిటన్ మీడియా ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబుల్లో అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఒక్కటే. కొన్ని నెలల పాటు జీతమిచ్చి, నిజమైన విభాగంలో, నిజమైన పని చేయించడం. ఆ ప్రయత్నం ఎంత దూరం వెళ్లింది, ఎక్కడ ఆగింది అన్నది ఈ వ్యాసం. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. జీతం ఇచ్చినచోట ఆ కొలువు పనిచేసింది. అయితే వచ్చిన మనిషిని ఆర్నెల్లలో తీర్చిదిద్దితే చాలనుకుని, పనిచేసే చోటును ఉన్నది ఉన్నట్టే వదిలేసిన ప్రతిసారీ వ్యవహారం మళ్లీ మొదటికి వచ్చింది.

పేరు గురించి కూడా కాస్త చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం పదేళ్లుగా ‘దివ్యాంగులు’ అంటోంది. ఆంధ్రప్రదేశ్ సర్కారు కాగితాల్లో ‘విభిన్న ప్రతిభావంతులు’. పింఛను కోసం రోడ్డెక్కిన సంఘం మాత్రం తన పేరు ‘వికలాంగుల హక్కుల పోరాట సమితి’ అనే పెట్టుకుంది. నేనూ ఆ మాటే వాడుతున్నాను. దివ్యత్వం అంటగట్టినంత మాత్రాన బస్సు మెట్టు ఎత్తు తగ్గదు.

వెనకింటి వసారా

బ్రిటన్‌లో ఈ కథ రేడియోతో మొదలైంది. బీబీసీ 1961లో అంధ శ్రోతల కోసం ‘ఇన్ టచ్’ కార్యక్రమం పెట్టింది. 1974 నుంచి దాన్ని నడిపిన పీటర్ వైట్ పుట్టుకతో అంధుడు. తర్వాత ఆయన మొత్తం సంస్థకే వికలాంగుల వ్యవహారాల విలేకరి అయ్యాడు. 1977లో వచ్చిన ఇంకో కార్యక్రమం పేరు ‘డజ్ హీ టేక్ షుగర్?’ చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని పక్కన పెట్టి, ఆ కుర్చీ తోస్తున్నవాణ్ని ‘ఈయనకు చక్కెర వెయ్యాలా?’ అని అడుగుతారు చూడండి, ఆ అలవాటు మీద విసురు అది. మన పెళ్లిళ్లలో ‘బాబు తింటాడామ్మా?’ అని ముప్పై ఏళ్లవాడి గురించి వాళ్లమ్మను అడగడం చూసినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. ఆ కార్యక్రమం 1998 దాకా నడిచింది. 1981లో బధిరుల కోసం ‘సీ హియర్’ వచ్చింది. 1990లలో వికలాంగుల కార్యక్రమాలకంటూ బీబీసీలో ఒక విభాగమే ఉండేది.

ఇవన్నీ మంచివే. చాలామందికి తొలి పని దొరికింది ఇక్కడే. అయితే పెద్ద చావడిలో చోటు లేదని చెప్పకుండా, పెరటివైపు వసారా వేసిచ్చినట్టు ఉండేది వ్యవహారం. వికలాంగుడు వికలాంగుల గురించి వికలాంగులకు చెప్పుకోవచ్చు. బడ్జెట్ గురించో, ఫుట్‌బాల్ గురించో, వంట గురించో చెప్పాలంటే మాత్రం చావడి గడప దాటాలి.

ఆ గడప దాటించడానికి బీబీసీ పెట్టినదే ‘ఎక్స్‌టెండ్’. చదువో, అనుభవమో తగినంత ఉన్న వికలాంగులను తీసుకుని, ఆరు నెలల పాటు జీతంతో సంస్థలోని మామూలు విభాగాల్లో నియమించే పథకం అది. వార్తలు, నిర్మాణం, సాంకేతిక విభాగం, ప్రచారం, లెక్కలు, ఏదైనా కావచ్చు. వికలాంగులకు మాత్రమే అని ప్రకటించి ఉద్యోగాలివ్వడం అక్కడ చట్టానికి విరుద్ధం కాదు. 2010 నాటి సమానత్వ చట్టం ఈ విషయంలో కావాలనే ఒంటికన్నుతో చూస్తుంది. వికలాంగుడికి మేలు చేశారని వికలాంగుడు కానివాడు కోర్టుకెక్కలేడు.

జీతం ఎందుకు

మీడియాలో ఊరికే పనిచేయించుకునే ఆచారం ఏ దేశంలోనూ కొత్త కాదు. లండన్‌లో ఇల్లద్దె కట్టుకుంటూ మూడు నెలలు ఉత్తి చేతులతో పనిచేయగలిగేది ఎవరు? నాన్న దగ్గర డబ్బున్నవాడు. ఆ జల్లెడలో పేదపిల్లలందరూ కిందికి పోతారు. వికలాంగులు ముందుగా పోతారు, ఎందుకంటే వాళ్లకు బతకడానికే ఖర్చెక్కువ. మెట్రో ఎక్కలేనివాడు టాక్సీ ఎక్కాలి. తోడు మనిషికి డబ్బివ్వాలి. చక్రాల కుర్చీ బాగుచేయించుకోవాలి.

ఇది అందరికీ తెలిసిన కారణం. తెలియని కారణం ఇంకోటుంది, నా దృష్టిలో అసలుది అదే. బ్రిటన్‌లో ‘యాక్సెస్ టు వర్క్’ అని 1994 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సాయం ఉంది. అంధుడికి తెర చదివిపెట్టే సాఫ్ట్‌వేర్, బధిరుడికి సంజ్ఞా భాష దుబాసీ, నడవలేనివాడికి ఆఫీసుకు టాక్సీ, చేతులు కదపలేనివాడికి సహాయకుడు, ఇలాంటి వాటికయ్యే ఖర్చులో చాలా భాగం యజమాని మీద పడకుండా ప్రభుత్వం భరిస్తుంది. ఏడాదికి ఒక మనిషికి ఇంతకు మించకూడదని గరిష్ఠ పరిమితి ఉంది. అది సగటు జీతానికి రెట్టింపు, అంటే చిన్న మొత్తం కాదు. కానీ ఒక షరతు. చేతిలో జీతమొచ్చే ఉద్యోగం ఉండాలి, లేదా చేరబోతూ ఉండాలి. ఉత్తినే సేవ చేస్తానన్నవాడికి ఈ సాయం రాదు.

దీని అర్థమేమిటో చూడండి. ఒక బధిర యువతిని ‘రామ్మా, నెల రోజులు ఊరికే వచ్చి చూసి నేర్చుకో’ అని ఒక నిర్మాణ సంస్థ ప్రేమగా పిలిచింది. జీతం లేదు కనుక దుబాసీ రాడు. దుబాసీ లేడు కనుక సమావేశాల్లో ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. నెలయ్యాక, ‘పాపం మంచిపిల్లే, కానీ కలవలేకపోయింది’ అంటారు. అదే పిల్లకు కనీస వేతనం రాసిస్తే మర్నాటి నుంచి దుబాసీ కోసం అర్జీ పెట్టుకునే హక్కు వస్తుంది. అక్కడ జీతం అంటే నెలాఖరున చేతికందే డబ్బొక్కటే కాదు, మిగతా తాళాలన్నీ తీసే తాళంచెవి.

జీతం ఇచ్చాక ఇంకోటి కూడా జరుగుతుంది. డబ్బు పెట్టినవాడు పని చేయించుకుంటాడు. ఊరికే వచ్చినవాడికి టీ కప్పులు, ఫొటోకాపీలు అప్పగించి మంచి మాటలు చెప్పి పంపిస్తారు. వేతనం పద్దులో పేరెక్కినవాడికి ఏదో ఒక గడువు, ఏదో ఒక తిట్టు, ఏదో ఒక బాధ్యత తప్పవు. మీడియాలో పని నేర్చుకునేది ఆ తిట్లలోనే.

తెర మీద ముఖాలు

బీబీసీ భద్రతా వ్యవహారాల విలేకరి ఫ్రాంక్ గార్డనర్ పేరు చాలామందికి తెలుసు. 2004లో రియాద్‌లో ఉగ్రవాదులు కాల్చారు. పక్కనున్న కెమెరామన్ సైమన్ కంబర్స్ చనిపోయాడు. గార్డనర్ నడుం కింది భాగం చచ్చుబడింది. అదే ఉద్యోగంలో చక్రాల కుర్చీతో తిరిగొచ్చాడు, ఇరవై ఏళ్లుగా ప్రపంచమంతా తిరుగుతున్నాడు. విమానం దిగేటప్పుడు కుర్చీ తెచ్చివ్వక గంటలకొద్దీ లోపలే కూర్చోబెట్టిన సంగతులు ఆయనే చాలాసార్లు బయటపెట్టాడు. 2024లో ఒక విమానంలో టాయిలెట్ దాకా నేల మీద పాకుతూ వెళ్లాల్సి వచ్చింది.

గార్డనర్ ధైర్యానికి నమస్కారం. కానీ ఆయన కథ నా ప్రశ్నకు జవాబు కాదు. పేరూ హోదా వచ్చాక అంగవైకల్యం వచ్చినవాడి కోసం సంస్థ దారి వెడల్పు చేస్తుంది. అంగవైకల్యంతోనే గేటు దగ్గరికి వచ్చిన ఇరవై రెండేళ్లవాడికి దారి చూపుతుందా? దానికి దగ్గరి జవాబు గ్యారీ ఓడోనహ్యూ. చిన్నప్పుడే చూపు పోయింది. యూనివర్సిటీ అయ్యాక బీబీసీలో చేరాడు, రాజకీయ వార్తలు రాశాడు, వాషింగ్టన్ వెళ్లాడు. 2024 జులైలో పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు జరిగినప్పుడు, కప్పు మీద తుపాకీ పట్టుకున్నవాణ్ని పోలీసులకు చూపించామన్న ప్రత్యక్ష సాక్షిని మైకు ముందు నిలబెట్టింది ఈ అంధ విలేకరే. వేలమంది కళ్లున్నవాళ్లు ఉన్న చోట, ఎవరితో మాట్లాడాలో, ఏం అడగాలో తెలిసినవాడు ఆయన. విలేకరికి ముఖ్యమైన అవయవం ఏదన్న చర్చ అక్కడితో ముగిసిపోవాలి, ముగియదు.

చూసేవాళ్లు కూడా ఈ లెక్కలో ఉంటారు. 2009లో బీబీసీ పిల్లల ఛానెల్‌లో కుడి మోచేతి కింద చెయ్యి లేని సెరీ బర్నెల్ వ్యాఖ్యాతగా వచ్చినప్పుడు, ‘మా పిల్లలు జడుసుకుంటారు’ అని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదులు పంపారు. పిల్లలు జడుసుకోలేదు. బర్నెల్ ఏళ్ల తరబడి ఆ ఛానెల్‌లోనే ఉంది.

ఛానెల్ 4 పెట్టిన పందెం

ఈ మొత్తం చరిత్రలో అందరికంటే దూకుడుగా వెళ్లింది ఛానెల్ 4. 2012 లండన్ పారాలింపిక్స్ ప్రసార హక్కులు బీబీసీని కాదని అది గెలుచుకుంది. తెర మీద కనిపించే వ్యాఖ్యాతల్లో సగం మంది వికలాంగులే ఉంటారని మాటిచ్చింది. అంతమంది అప్పటికి లేరు. అందుకని అయిదు లక్షల పౌండ్లు కేటాయించి కొత్తవాళ్లను వెతికి, రెండేళ్ల పాటు శిక్షణ ఇచ్చి నిలబెట్టింది. ప్రారంభోత్సవాన్ని కోటి మందికి పైగా చూశారు. ఆ క్రీడల రోజుల్లో రాత్రిపూట పెట్టిన హాస్య కార్యక్రమం ‘ది లాస్ట్ లెగ్’ క్రీడలు ముగిశాక కూడా ఆగలేదు, సంవత్సరాల తరబడి నడిచింది. నడిపేవాళ్లలో కృత్రిమ కాలున్న ఆడమ్ హిల్స్, అలెక్స్ బ్రూకర్ ఉన్నారు.

ప్రచారంలో వాళ్లను ‘సూపర్ హ్యూమన్స్’ అన్నారు. మానవాతీతులు. దీని మీద వికలాంగుల్లోనే పెద్ద గొడవైంది. నిన్నటి దాకా బిచ్చగాళ్లం, ఇవాళ దేవుళ్లమా, మామూలు మనుషులమయ్యేదెప్పుడు అని. మన ‘దివ్యాంగులు’ గొడవా ఇదే.

2016ను ఛానెల్ 4 ‘వికలాంగుల సంవత్సరం’గా ప్రకటించి, తన అప్రెంటిస్ ఉద్యోగాల్లో సగం, పని అనుభవం కోసం ఇచ్చే అవకాశాల్లో 30 శాతం వికలాంగులకు విడిగా పెట్టింది. అంతకంటే తెలివైన పని ఇంకోటి చేసింది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. అప్పటికే పరిశ్రమలో ఉండి, ఒక మెట్టు దగ్గర ఇరుక్కుపోయిన ఇరవై మంది వికలాంగులను ఎంచి, తనకు కార్యక్రమాలు తీసిపెట్టే పెద్ద నిర్మాణ సంస్థల ద్వారా పై మెట్టు ఎక్కించే బాధ్యత తీసుకుంది. కొత్తవాణ్ని గుమ్మంలోకి తేవడం ఫొటోకు బాగుంటుంది. లోపల ఉన్నవాణ్ని అసిస్టెంట్ నుంచి ప్రొడ్యూసర్ చేయడం ఎవరికీ ఫొటో కాదు.

అందని అంకె

2018లో బ్రిటన్ ప్రసార సంస్థలన్నీ కలిసి ఒక ఒట్టు పెట్టుకున్నాయి. తెర వెనక పనిచేసేవాళ్లలో వికలాంగుల వాటా అప్పటికి 4.5 శాతం. 2021 నాటికి దాన్ని రెట్టింపు చేసి 9 శాతానికి తేవాలని. ఆ దేశంలో పనిచేసే వయసు జనాభాలో దాదాపు ఐదో వంతు వికలాంగులు కనుక ఇది అత్యాశేమీ కాదు. అయినా గడువు దాటింది, అంకె అందలేదు. ఇన్ని పథకాలు, ఇంత డబ్బు, ఇంత మంచి మనసు ఉండి కూడా ఎందుకు?

టీవీలో ఉద్యోగం ఎలా దొరుకుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. శాశ్వత ఉద్యోగులు కొందరే. మిగతా అందరూ ఒక్కో సిరీస్‌కు ఆరు వారాలో, మూడు నెలలో కుదురుకునే ఫ్రీలాన్సర్లు. ప్రొడక్షన్ మేనేజర్ శుక్రవారం సాయంత్రం తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తుంది, సోమవారం షూటింగ్‌లో ఉండాలి. పేరెవరికి గుర్తొస్తే పని వాళ్లకి. యాక్సెస్ టు వర్క్ సాయం మాత్రం ప్రతి కొత్త ఉద్యోగానికీ కొత్తగా అడగాలి. ఆ సాయం ఇచ్చే శాఖలో ఇప్పుడు పదుల వేల అర్జీలు పేరుకుపోయి, అనుమతికి నెలలు పడుతోంది. సోమవారం మొదలై ఆరు వారాల్లో ముగిసే పనికి, నాలుగు నెలల తర్వాత వచ్చే దుబాసీ దేనికి?

ఆరు నెలల కొలువులోనూ ఇదే లెక్క. మొదటి రెండు నెలలు సాఫ్ట్‌వేర్ కోసం, కుర్చీ కోసం, అనుమతుల కోసం ఎదురుచూపు. పని చేతికొచ్చేసరికి మూడో నెల. ఐదో నెల నుంచి తర్వాత ఎక్కడన్న బెంగ. ముగిశాక ఖాళీ లేదంటే మరో సంస్థలో మరో శిక్షణ. ఇలా నాలుగు శిక్షణలు పూర్తిచేసి, నలభై ఏళ్లు దగ్గరపడుతున్నా ‘కొత్త ప్రతిభ’గానే పిలిపించుకుంటున్నవాళ్లున్నారు. నేర్చుకోవలసింది వాళ్లేనన్న భావన మీద పథకం కట్టాక, ఇలా కాక మరెలా అవుతుంది?

2021 ఆగస్టులో ఎడిన్‌బరో టీవీ ఉత్సవంలో నాటక రచయిత జాక్ థోర్న్ తన ఉపన్యాసమంతా ఈ విషయానికే ఇచ్చాడు. ‘అడాలసెన్స్’ సిరీస్ రాసినవారిలో ఒకడిగా మనవాళ్లకూ ఇప్పుడు ఆయన తెలుసు. వికలాంగుల విషయంలో టీవీ పూర్తిగా విఫలమైందని తన పరిశ్రమ పెద్దల ముందే నిలబడి చెప్పాడు. ఆయన, మరి కొందరు కలిసి పెట్టిన బృందం మొదట చేతిలోకి తీసుకున్న సమస్య ఏమిటో తెలుసా? టాయిలెట్. చక్రాల కుర్చీ పట్టే టాయిలెట్ లేని స్టూడియోలో ఎంత గొప్ప శిక్షణ పొందినవాడైనా రోజుకు పన్నెండు గంటలు పని చేయలేడు. కాలకృత్యాలు తీరే చోటు లేక పొద్దున్నించీ మంచినీళ్లు మానుకుని షూటింగ్‌కు వచ్చే మన జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లను అడిగితే ఈ సమస్య వాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

2022లో బ్రిటన్ ప్రసార సంస్థలు, స్ట్రీమింగ్ సంస్థలు కలిసి ‘టీవీ యాక్సెస్ ప్రాజెక్ట్’ పెట్టుకున్నాయి. 2030 నాటికి వికలాంగులు పూర్తిగా కలిసి పనిచేయగల పరిశ్రమ కావాలని గడువు. అవసరాలను ముందే ఊహించడం, అడగడం, అంచనా వేయడం, సర్దుబాటు చేయడం, వాళ్ల తరఫున మాట్లాడటం అని అయిదు పనులు రాసుకున్నారు. నాకు ఇందులో మొదటిది అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. మనిషి వచ్చాక మెట్లకు పక్కన వాలుదారి కట్టడం ఆ మనిషికి ఉపకారం. ఎవరూ రాకముందే కట్టి ఉంచితే, అది ఉపకారమని ఎవరికీ తోచదు.

పింఛను భయం

ఇంకో ముడి ఉంది, దీని గురించి మీడియా పెద్దలు మాట్లాడరు. బ్రిటన్‌లో అనారోగ్య భత్యం మీద బతికేవారు వారానికి 16 గంటల లోపు, ఒక పరిమితి లోపు మాత్రమే సంపాదించుకోవచ్చు. ఆరు నెలలు పూర్తికాలం పనిచేస్తే భత్యం పోతుంది. ఏడో నెల ఉద్యోగం లేకపోతే మళ్లీ పరీక్షలు, మళ్లీ రుజువులు. ఆ గండం తలచుకుని అర్జీ పెట్టకుండానే ఆగిపోయేవాళ్ల లెక్క ఏ నివేదికలోనూ కనపడదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి తన ఊరు గుర్తొచ్చి తీరాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 4,016. చాలా ఇళ్లలో నిక్కంగా వచ్చే రాబడి ఇదొక్కటే. ఆర్నెల్ల స్టైపెండ్ చూసి ‘కుటుంబ ఆదాయం పెరిగింది’ అని పేరు కొట్టేస్తే, మళ్లీ సదరం క్యాంపు ముందు వరసలో నిలబడాలి, సచివాలయం చుట్టూ తిరగాలి. ‘ఉన్నదీ పోతుందిరా, వద్దు’ అనే తల్లిని తప్పుపట్టలేం. తాత్కాలిక కొలువులో ఉన్నంతకాలం పింఛనును ఆపి ఉంచి, అది ముగిసిన నెల నుంచే ఏ కాగితం అడగకుండా మళ్లీ ఇవ్వడం ప్రభుత్వానికి ఒక జీవోతో అయ్యే పని.

మన డెస్కుల సంగతి

తెలుగువాళ్లం ఈ విషయంలో ఒకసారి అందరికంటే ముందున్నాం. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ కథను సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీసినప్పుడు, ఆ పాత్ర ఆమే వేసింది. 1985లో. ఆ తర్వాతి ఏడాది ‘సిరివెన్నెల’లో అంధ వేణుగాన విద్వాంసుడు, మూగ చిత్రకారిణి, ఇద్దరూ వైకల్యం లేని నటులే. ‘ఊపిరి’, ‘రాజా ది గ్రేట్’, ‘రంగస్థలం’ దాకా అదే వరస. ఆ నటనలను నేను తక్కువ చేయను. నలభై ఏళ్లలో రెండో ‘మయూరి’ రాలేదన్నది మాత్రం నిజం.

2024 జులైలో సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో, తెర మీద వికలాంగులను ఎలా చూపాలో మార్గదర్శకాలు చెప్పింది. వికలాంగులను కించపరిచే ఎగతాళికీ, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యానికీ తేడా చూపింది. వాళ్లను సంప్రదించండి, రచయితలకు శిక్షణ ఇవ్వండి అంది. చాలా మంచి తీర్పు. అయితే సంప్రదించడం వేరు, ఉద్యోగమివ్వడం వేరు. రచయితల గదిలో ఒక చెవిటివాడు జీతానికి కూర్చుని ఉంటే చెవిటివాడి మీద చవకబారు జోకు రాసిన కాగితం ఆ గది దాటి రాదు, కోర్టు దాకా అసలే పోదు.

చట్టం సంగతికొస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ప్రైవేటు సంస్థలకు మాత్రం కోటా లేదు. సిబ్బందిలో 5 శాతం వికలాంగులుంటే ప్రోత్సాహకాలివ్వాలని మాత్రమే ఉంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని కూడా ఉంది. ఆ విధానాన్ని వెబ్‌సైట్లో పెట్టిన తెలుగు పత్రికలు, ఛానెళ్లు ఎన్ని ఉన్నాయో పాఠకులే వెతికి చూడవచ్చు. బధిరులకు వార్తలు చేరేలా సంజ్ఞా భాష, ఉపశీర్షికల ప్రమాణాలను 2019లో సమాచార ప్రసార శాఖ తెచ్చింది. అది బధిరులు వార్త చూడటానికి. బధిరులు వార్త రాయడానికి ఏమీ లేదు.

నిజానికి జీతమిచ్చి నేర్పే పద్ధతి మనకు కొత్త కాదు. ఈనాడు జర్నలిజం స్కూల్ ఏళ్ల తరబడి స్టైపెండ్ ఇచ్చి పిల్లలకు పని నేర్పి డెస్కుల్లో పెట్టింది. ఇవాళ తెలుగు మీడియాలో పెద్ద కుర్చీల్లో ఉన్న చాలామంది అలా వచ్చినవాళ్లే. ఆ మూసలోనే వికలాంగులకు చోటు పెట్టవచ్చు. చిక్కల్లా ఆ మూస బయట ఉన్న మీడియాలో. మండలాల్లో వార్త పంపే కంట్రిబ్యూటర్‌కు వైకల్యం లేకపోయినా సరిగా జీతముండదు. పంపిన వార్తకు ఇంత అని చిల్లర, ప్రకటనలు తెస్తే కమిషన్, పెట్రోలు సొంతం. ఇలాంటి చోట వికలాంగుడికి జీతం అడిగితే నవ్వుతారు. నవ్వే ముందు ఆ కంట్రిబ్యూటర్ సంగతి కూడా చూడాలి మరి.

మనకు మాత్రమే ఉన్న అడ్డంకి ఒకటుంది. అంధుల కోసం తెర చదివిపెట్టే ‘ఎన్‌వీడీఏ’ అనే సాఫ్ట్‌వేర్‌ను 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా అంధ యువకుడు మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు, తెలుగు కూడా చదువుతుంది. అయితే అది చదివేది యూనికోడ్ తెలుగును. మన పత్రికల పేజీలు ఏళ్లుగా తయారైంది అను ఫాంట్లలాంటి పాత పద్ధతుల్లో. వాటిలో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే, దాని వెనక కంప్యూటర్‌కు తెలిసేది ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. కళ్లున్నవాడికి ‘ముఖ్యమంత్రి’ అని కనిపించే చోట అంధుడికి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల మోత వినిపిస్తుంది. ఈ-పేపర్ అయితే ఉత్త ఫొటో, అసలు ఏమీ వినిపించదు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచి ఉంది. ముప్పై ఏళ్లు దాటినా కొన్ని డెస్కులు పాత ఫాంట్లలోనే కొట్టి, వెబ్‌సైట్ కోసం మళ్లీ మార్చుకుంటున్నాయి. ఒక అంధ సబ్‌ఎడిటర్‌ను తీసుకుంటే ముందుగా ఈ అవస్థ వదులుతుంది. పాత వార్తలు వెతుక్కోలేక చస్తున్న మిగతా డెస్కూ దణ్ణం పెడుతుంది.

రేడియో కాస్త నయం. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లను ఆడిషన్ పెట్టి గొంతును బట్టి తీసుకుంటారు, డ్యూటీకి ఇంత అని ఇస్తారు. అది శాశ్వతం కాదు, ఎక్కువా రాదు. కానీ లెక్క రాసి ఇస్తారు. పఠాన్‌కోట్ నుంచి అంధులే నడిపే ‘రేడియో ఉడాన్’ ఇంటర్నెట్‌లో వినిపిస్తోంది. ముంబయి నుంచి ‘న్యూజ్‌హుక్’ వికలాంగుల వార్తలను సంజ్ఞా భాషలో సైతం ఇచ్చింది. ఇవి కూడా వసారాలే, చావడిలోకి పిలుపు రానందుకు వాళ్లే వేసుకున్నవి.

2020 లాక్‌డౌన్‌లో తెలుగు డెస్కులు ఇళ్ల నుంచి పేజీలు పెట్టాయి. అంతకు ముందు నెలే, ‘ఇంటి నుంచి చేస్తాను సార్’ అన్న వికలాంగుడికి ‘పత్రికలో అది కుదిరే పని కాదు బాబూ’ అని చెప్పిన ఆఫీసులే అవన్నీ. అవసరం పెద్దవాళ్లదైతే ఎంత త్వరగా కుదురుతుందో నాకు అంతకు చాలా ముందే ఒకసారి తెలిసింది.

నేను డెస్కులో కొత్తగా చేరిన రోజులు. రెండో అంతస్తులో ఉండేది డెస్క్, లిఫ్టు లేదు. సబ్‌ఎడిటర్ల పరీక్షకు పోలియో వచ్చిన కుర్రాడొకడు వచ్చాడు. వాళ్ల నాన్న వీపున వేసుకుని మెట్లెక్కించి, పరీక్ష అయ్యేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. ఆ బ్యాచ్‌లో అనువాదం అందరికంటే బాగా చేసింది ఆ కుర్రాడే. కాగితం నేనే దిద్దాను. పైవాళ్లకు చూపిస్తే, ‘భలే రాశాడయ్యా. కానీ రోజూ రెండంతస్తులు ఎవరు మోస్తారు?’ అన్నారు. వెళ్లి చెప్పాల్సి వచ్చింది కూడా నేనే. ‘పర్లేదు సార్’ అని, కొడుకును మళ్లీ వీపునెత్తుకుని ఆయన దిగిపోయాడు.

నాలుగేళ్ల తర్వాత ఆ భవనానికి లిఫ్టు పెట్టారు. యజమానిగారికి మోకాళ్ల నొప్పులు మొదలైన ఏడాది అది.